బటన్ చోటు మారితే ఎందుకంత చిరాకు?

రాత్రి పడుకునేటప్పుడు మామూలుగా ఉన్న యాప్ పొద్దున లేచేసరికి కొత్త రూపంలో ఉంటుంది. కింద ఎడమపక్కన ఉండే బటన్ పైన కుడిమూలకి పోయింది. అక్షరాలు సన్నబడ్డాయి, రంగు మారింది. డబ్బు పంపబోయిన వేలు పాత చోటే నొక్కుతుంది, ఇంకేదో తెరుచుకుంటుంది. ‘బాగున్నదాన్ని ఎందుకు చెడగొట్టారు?’ అని అడగని మనిషి లేడు. తయారుచేసినవాళ్ల జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. ‘జనానికి మార్పు గిట్టదు, నాలుగు రోజులు పోతే వాళ్లే అలవాటు పడతారు.’

ఈ రెండు మాటల్లో ఏది నిజం? తేల్చుకోవడానికి ఫోన్ల కంపెనీల దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ చాలు. తెలుగు పుస్తకాలు టైపు చేసే డీటీపీ సెంటర్లు ఈ వీధుల్లో ఉన్నాయి. సర్కారు కొలువు కోసం ఏళ్ల తరబడి చదివే పిల్లల కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, స్టడీ హాళ్లూ ఇక్కడే ఉన్నాయి. చేతికి అలవాటైన అమరిక మారిపోవడం టైపు చేసేవాళ్లకూ, ఈ పిల్లలకూ బాగా అనుభవమే.

చేతి జ్ఞాపకం

ముందు ఒక స్కూటరు సంగతి. బజాజ్ చేతక్ ఇరవై ఏళ్లు నడిపిన మనిషి ఒకరోజు హోండా యాక్టివా కొన్నాడనుకోండి. చేతక్‌లో ఎడమచేతి కింద ఉండేది క్లచ్. గేరు మార్చేదీ ఆ చేతి పిడి తిప్పే. వెనక బ్రేకు కుడికాలి కింద ఉంటుంది. యాక్టివాలో క్లచ్ లేదు, గేరు లేదు. ఎడమచేతి కింద ఉన్న లీవరు వెనక బ్రేకు. నారాయణగూడ వైఎంసీఏ చౌరస్తాలో సిగ్నల్ పడగానే ఆయన కుడికాలు ఉత్త ఫుట్‌బోర్డును గట్టిగా తొక్కుతుంది. బండి ఆగదు. క్లచ్ అనుకుని ఎడమచెయ్యి లీవరును పూర్తిగా నొక్కేస్తుంది. బండి ఒక్క కుదుపుతో ఆగిపోతుంది. యాక్టివా నడపడం చేతక్ కంటే తేలికని ఆయనకు తెలుసు, షోరూంలో అన్నీ విని తల ఊపే వచ్చాడు. తెలిసింది తలకు. చేతికీ కాలికీ ఇంకా తెలియలేదు.

ఇలా తలకు వేరే, చేతికి వేరే జ్ఞాపకాలు ఉంటాయని వైద్యశాస్త్రం ఒక రోగి ద్వారా తెలుసుకుంది. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు మూర్ఛలు తగ్గడం కోసం 1953లో మెదడు ఆపరేషన్ చేశారు. మూర్ఛలు తగ్గాయి గాని కొత్త సంగతులు గుర్తుపెట్టుకునే శక్తి పోయింది. ఇప్పుడే కలిసిన మనిషి పక్కగదిలోకి వెళ్లి తిరిగొస్తే ఆయనకు మళ్లీ కొత్తమనిషే. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన చేత ఒక పని చేయించారు. కాగితం మీద నక్షత్రం బొమ్మ ఉంటుంది. దాన్ని నేరుగా చూడకుండా అద్దంలో చూస్తూ, అంచుల మధ్య పెన్సిల్‌తో గీయాలి. అద్దంలో దిక్కులు తారుమారవుతాయి కాబట్టి మొదట్లో ఎవరి చెయ్యయినా తడబడుతుంది. మూడు రోజుల సాధనలో మొలైసన్ చెయ్యి చక్కగా తిరిగింది. విచిత్రమేమంటే, ఆ పని అంతకుముందు ఎన్నడైనా చేశానన్న గుర్తు కూడా ఆయనకు లేదు. మనిషి మరిచిపోయినా చెయ్యి మరిచిపోలేదు. శాస్త్రజ్ఞులు దీన్ని ప్రొసీజరల్ మెమరీ అంటారు. మనం చేతి జ్ఞాపకం అందాం.

దీనికి ఇంకో గుణం ఉంది. మనకు ఎంత బాగా వచ్చిన పనయితే అది తల చూపు నుంచి అంతగా తప్పుకుంటుంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీ స్నైడర్, గోర్డన్ లోగన్ బృందం టైపు బాగా వచ్చిన వంద మందిని పరీక్షించింది. సగటున నిమిషానికి డెబ్భై పైచిలుకు మాటలు కొట్టే చేతులవి. వాళ్ల ముందు ఖాళీ కీబోర్డు బొమ్మ పెట్టి, ఏ అక్షరం ఎక్కడుంటుందో రాయమన్నారు. 26 అక్షరాల్లో సగటున 15 మాత్రమే సరిగ్గా పెట్టగలిగారు. రోజూ వేలసార్లు తాకే మీటల చోటు వాళ్ల తలకు సగమే తెలుసు, వేళ్లకు పూర్తిగా తెలుసు.

అమరిక మారితే చిరాకు రావడానికి మొదటి కారణం ఇందులోనే ఉంది. బటన్ జరిపినవాడు తలకు ఒక నోటీసు పంపిస్తాడు: ‘కొత్త రూపం చూడండి’ అని. నోటీసు చదవడం వేళ్లకు రాదు. అవి పాత చోటుకే పోతాయి. ప్రతిసారీ తల అడ్డుపడి వాటిని వెనక్కి లాగాలి. ఆలోచించకుండా జరిగిపోయే పని మళ్లీ ఆలోచించి చేసే పనిగా మారుతుంది. రోజుకు ఇరవైసార్లు అలా జరిగితే అలసట, ఆ వెంటే కోపం. దాన్ని మొండితనం అనడం అన్యాయం.

ఆపిల్ వరుస వదలని వేళ్లు

తెలుగు టైపింగులో ఈ కథ పెద్ద ఎత్తున నడిచింది. భారతీయ భాషలన్నిటికీ ఒకే కీబోర్డు అమరిక ఉండాలని కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ రూపొందించింది. 1988లో దాన్ని సవరించారు. 1991లో భారత ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. శాస్త్రీయంగా చూస్తే ముచ్చటైన అమరిక. అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమచేతి వైపు ఉంటాయి. హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతి వైపు ఉంటాయి. అశోక్ అని కొట్టాలంటే షిఫ్ట్ పట్టుకుని డి నొక్కితే అ, షిఫ్ట్‌తో ఎం నొక్కితే శ, ఏ నొక్కితే ఓత్వం, కె నొక్కితే క, షిఫ్ట్ లేకుండా డి నొక్కితే పొల్లు. నగర్‌కు వి, ఐ, జె, డి. పలికే క్రమమే కొట్టే క్రమం. తెలుగులో ఇది నేర్చుకుంటే హిందీలోనూ క అదే మీట మీద ఉంటుంది.

ఇంత చక్కని అమరిక డీటీపీ గదుల్లోకి మాత్రం అంత సులువుగా రాలేకపోయింది. అక్కడ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ‘ఆపిల్ కీబోర్డు’ అనే వరుస మీద చేతులు తిరిగిపోయి ఉన్నాయి. ఆ పద్ధతిలో అక్షరాన్ని ముక్కలుగా పేరుస్తారు. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. కంటికి ఎలా కనపడాలో అలా కట్టుకుంటూ పోవాలి. యూనికోడ్ వచ్చాక కంప్యూటర్ అడిగేది ధ్వని క్రమం. ‘స్త’ అంటే స, పొల్లు, త అని వరుసగా చెప్పాలి, ఒత్తు ఎక్కడ తగిలించాలో కంప్యూటరే చూసుకుంటుంది. ఆపరేటరుకు మారింది మీటల చోటు ఒక్కటే కాదు, అక్షరాన్ని కట్టే తీరే మారిపోయింది.

ఆ చేతుల్లో ఏం నిల్వ ఉందో తెలియాలంటే టెలిగ్రాఫ్ రోజుల్లోకి వెళ్లాలి. 1897లో అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు పరిశోధకులు టెలిగ్రాఫ్ ఆపరేటర్ల నైపుణ్యం ఎలా పెరుగుతుందో కొలిచారు. కొత్తవాడు ఒక్కో అక్షరంగా వింటాడు. కొన్నాళ్లకు మాటలుగా వింటాడు. ఆరితేరినవాడికి వాక్యాలే వినిపిస్తాయి. మధ్యలో ఎంత సాధన చేసినా వేగం పెరగని రోజులు కొన్ని ఉంటాయి, అవి దాటాకే తరువాతి మెట్టు. ఆరితేరిన డీటీపీ ఆపరేటరూ అంతే. ‘ప్రభుత్వం’ అనే మాట ఆయన వేళ్ల కింద ఒకే కదలికగా వెళ్లిపోతుంది. వరుస మారిస్తే ఆయన వాక్యాల మెట్టు నుంచి అక్షరాల మెట్టుకు పడిపోతాడు. పేజీకి ఇంత అని కూలి తీసుకునే మనిషికి ఆ పడిపోవడం ఆ వారం సంపాదనలో కనపడుతుంది.

వేగం ఇలా ఒక్కసారి కిందికి జారి, సాధనతో మెల్లగా పైకి రావడాన్ని పల్లం అని పిలుద్దాం. కొత్తగా నేర్చుకునేవాడికి పల్లం లేదు, వాడు మొదలయ్యేదే కింద నుంచి. పాత పద్ధతిలో ఎంత ఎత్తున ఉంటే అంత లోతుగా పడతారు. కొత్త అమరికను కొత్తవాళ్లు మెచ్చుకోవడం, పాతవాళ్లు తిట్టడం అందుకే. వయసును బట్టి వచ్చిన తేడాగా దీన్ని చూస్తుంటారు. అసలు తేడా చేతిలో ఉన్న పనితనానిది.

ఇంగ్లీషు కీబోర్డుకూ ఇదే జరిగింది. 1870లలో రెమింగ్టన్ టైప్‌రైటర్‌తో వచ్చిన క్వర్టీ వరుసకు పోటీగా 1936లో ఆగస్ట్ డ్వొరాక్ తన వరుసకు పేటెంటు తీసుకున్నాడు. అది నిజంగా ఎంత మెరుగన్నదాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. వాదన ఎలా ఉన్నా లోకం క్వర్టీని వదల్లేదు.

తెలుగులో చివరికి గెలిచిందేమిటో చూడండి. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి, ఆ తర్వాత లేఖిని, ఇప్పుడు ఫోన్ కీబోర్డులు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘అమ్మ’ కొడితే తెరమీద తెలుగు వస్తుంది. క్వర్టీ అలవాటున్న లక్షలాది చేతులకు పాత అలవాటు ఏదీ మార్చుకోకుండానే తెలుగు దొరికింది. డీటీపీ వాళ్ల కోసం యూనికోడ్‌లోనే ఆపిల్ వరుసలో కొట్టే కీబోర్డులు తయారయ్యాయి. లోపలి యంత్రాంగమంతా మారింది, వేళ్ల దారి మారలేదు. నా దృష్టిలో తెలుగు కంప్యూటింగు మనకు నేర్పిన పెద్ద పాఠం ఇదే. మార్చాల్సింది లోపల మార్చండి, చేతిని వీలైనంత వరకు వదిలేయండి.

మన చేతిలో ఉన్నదాని విలువ

చేతి సంగతి అలా ఉంటే, మనసులో ఇంకొకటి పనిచేస్తుంది. కెనడాలో జాక్ నెచ్ అనే ఆర్థికవేత్త 1989లో ఒక ప్రయోగం ప్రచురించాడు. ఒక తరగతి విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి, కావాలంటే ఇచ్చేసి చాక్లెట్ తీసుకోవచ్చన్నాడు. 89 శాతం మంది కప్పే ఉంచుకున్నారు. మరో తరగతికి ముందు చాక్లెట్ ఇచ్చి, కప్పు కావాలా అన్నాడు. 90 శాతం మంది చాక్లెట్ వదల్లేదు. మూడో తరగతికి ముందు ఏమీ ఇవ్వకుండా రెండింటిలో ఒకటి ఎంచుకోమన్నాడు. అక్కడ 56 శాతం కప్పు, మిగతావాళ్లు చాక్లెట్. అంటే వస్తువులు రెండూ దాదాపు సమానమే. చేతిలో ఏది ముందు పడితే దాని విలువ పెరిగిపోయింది.

పాత అమరిక మన చేతిలో ఉన్న కప్పు. కొత్త రూపంలో నాలుగు సౌకర్యాలు వచ్చినా, పోయిన ఒక్క బటనే బరువు తూగుతుంది.

దీనికి విరుగుడు కూడా మన మెదడులోనే ఉంది. ఏ వస్తువైనా పదేపదే కంటబడితే, అంతకుమించి ఏ కారణమూ లేకుండానే, అది నచ్చడం మొదలవుతుందని రాబర్ట్ జయాన్స్ 1968లో ప్రయోగాలతో చూపించాడు. అర్థం తెలియని మాటలు, పరిచయం లేని ముఖాలు కూడా ఎక్కువసార్లు చూసినవే బాగున్నాయన్నారు జనం. కొత్త యాప్ మీద కోపం నెలలోపు చల్లారడానికి ఇదొక కారణం.

ఇక్కడే తయారుచేసినవాళ్లు పొరపాటుపడతారు. కోపం చల్లారింది కాబట్టి కొత్త అమరిక మంచిదేనని తేల్చేస్తారు. ఫిర్యాదులు రెండు రకాలు. ‘అది ఎక్కడికి పోయింది?’ అన్నది ఒకటి. వేళ్లు కొత్త దారి నేర్చుకున్నాక అది తీరిపోతుంది. ‘ఆ పని ఇప్పుడు చేయలేకపోతున్నాను’ అన్నది రెండోది. ఎన్నాళ్లయినా అది తీరదు, జనం నోరు మూసుకుంటారంతే. రెండింటినీ ఒకే గాటన కట్టి ‘అలవాటు పడతారులే’ అనేవాళ్లు రెండోదాన్ని ఎన్నటికీ సరిదిద్దరు.

అశోక్‌నగర్‌లో పరీక్ష తెర

ఆ రెండో రకం ఎలా ఉంటుందో అశోక్‌నగర్ పిల్లలను అడిగితే చెప్తారు. పొద్దున్నే సీటు దొరకాలని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి చేరేవాళ్లకు, పుస్తకం, టిఫిన్ బాక్సు పట్టుకుని చెట్లకింద కూర్చునేవాళ్లకు ఓఎంఆర్ షీటు, అంటే వృత్తాలు నింపే జవాబు పత్రం, ఒక విద్య. ప్రశ్నపత్రం మొత్తం ఒకసారి తిప్పి చూడటం, కఠినమైన ప్రశ్నకు పక్కన చుక్క పెట్టుకోవడం, ‘సరికానిది ఏది’ అన్నచోట ‘కానిది’ కింద గీత గీయడం, లెక్క ప్రశ్న పక్కనే వేసుకోవడం, ఆఖర్లో బాల్ పెన్నుతో వృత్తాలు నింపడానికి టైం మిగుల్చుకోవడం. సిలబస్‌లో ఉండని ఈ పనితనం మోడల్ టెస్టులు రాసిరాసి వచ్చింది.

ఇప్పుడు ఒక్కో పరీక్షా కంప్యూటర్ మీదికి పోతోంది. రైల్వే ఎన్‌టీపీసీ 2016లో వెళ్లింది. తెలంగాణ ఎంసెట్ 2018లో వెళ్లింది. 11,062 టీచర్ పోస్టుల డీఎస్సీ 2024 జులై 18 నుంచి ఆగస్టు 5 వరకు కంప్యూటర్ మీదే జరిగింది. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2024 జూన్‌లోనూ ఓఎంఆర్ మీదే రాశారు. ఒకే హాస్టల్ గదిలో ఉంటూ రెండు రకాలకూ తయారయ్యేవాళ్లున్నారు.

తెర మీద ప్రశ్న ఒక్కొక్కటే కనపడుతుంది. పక్కన ప్రశ్నల అంకెల పట్టీ ఉంటుంది. జవాబిచ్చినవి ఆకుపచ్చ, చూసి వదిలేసినవి ఎరుపు, మళ్లీ చూద్దామనుకున్నవి ఊదారంగు. జవాబు ఎంచుకున్నాక ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కాలి. అది నొక్కకుండా పట్టీలోని మరో అంకె మీద క్లిక్ చేసి వెళ్లిపోతే, ఈ తీరు తెరల్లో చాలావాటిలో ఆ జవాబు నమోదు కాదు. కాగితం మీద పేజీ తిప్పేసిన చెయ్యి ఇక్కడా అలాగే తిప్పేస్తుంది. అదీ యాక్టివా మీద కుడికాలు తొక్కిన తొక్కుడే.

తెరకు లాభాలు లేవని నేననను. కాగితం మీద నల్లబడిన వృత్తాన్ని చెరపలేం, తెర మీద జవాబు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఫలితాలు త్వరగా వస్తాయి. అయినా రెండు విషయాలు గమనించాలి.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2015, 2016 బడి పరీక్షలను కొందరు పిల్లలు కాగితం మీద, కొందరు కంప్యూటర్ మీద రాశారు. బ్యాక్స్, కోవన్ అనే పరిశోధకులు ఆ మార్కులను పోల్చారు. మొదటి ఏడు కంప్యూటర్ మీద రాసినవాళ్లు వెనకబడ్డారు. లెక్కల్లో కంటే ఇంగ్లీషులో ఆ తేడా ఎక్కువ. రెండో ఏడు లెక్కల్లో తేడా మూడోవంతుకు, ఇంగ్లీషులో దాదాపు సగానికి తగ్గింది. పల్లం ఉందని, పూడుతుందని రెండూ రుజువయ్యాయి. లెక్కల్లో త్వరగా పూడింది, చదివి అర్థం చేసుకునే చోట కొంత మిగిలిపోయింది.

ఆ మిగిలిపోయినది రెండో విషయం. స్పెయిన్‌కు చెందిన డెల్గాడో, ఆయన సహచరులు 2018లో 54 అధ్యయనాలను, అంటే లక్షా 70 వేలకు పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూశారు. సమాచారం ఉన్న పాఠాన్ని, అందులోనూ టైం పెట్టి చదివించినప్పుడు, కాగితం మీద చదివినవాళ్లకే ఎక్కువ అర్థమైంది. ఏళ్లు గడిచేకొద్దీ ఈ తేడా తగ్గలేదు, పెరిగింది. సమాచారం, టైం పెట్టడం. పోటీ పరీక్ష అంటేనే ఈ రెండూ. గీత గీసుకోలేకపోవడం, బొమ్మ మీదే లెక్క వేసుకోలేకపోవడం అలవాటుతో పోయే కష్టాలు కావు. తెరలో ఆ సౌకర్యం పెడితేనే పోతాయి.

యాప్ మారితే మనకు నాలుగు రోజుల చిరాకు. పల్లం పూడేదాకా ఆగగలం. పరీక్ష రాసేవాళ్ల పరిస్థితి అది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్ తర్వాత తెలంగాణలో తొలి నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులతో వచ్చింది. నోటిఫికేషన్ల మధ్య అంతంత ఎడం ఉన్నచోట ‘రెండోసారికి అలవాటవుతుంది’ అన్న మాటకు విలువ లేదు. పైగా పల్లం అందరికీ ఒకే లోతు ఉండదు. ఇంజనీరింగ్ చదివి వచ్చిన అబ్బాయికి మౌస్ కొత్త కాదు. పల్లెలో తెలుగు మీడియంలో చదువుకుని, ఫోన్ తప్ప కంప్యూటర్ ముట్టని అమ్మాయి పరీక్ష హాల్లోనే మొదటిసారి మౌస్ పడుతుంది. పరీక్ష కొలవాల్సింది ఆమె చదువును. కొలుస్తున్నది కొంతవరకు ఆమె వేళ్ల అలవాటును.

మార్పును ఎలా తేవచ్చో స్వీడన్ ఒకసారి చూపించింది. ఎడమవైపు నడిచే ఆ దేశపు వాహనాలన్నీ 1967 సెప్టెంబర్ 3 తెల్లవారుజామున కుడివైపుకు మారాయి. అంతకుముందు ఏళ్ల తరబడి ప్రజలకు చెప్పారు, నేర్పించారు, బోర్డులు మార్చి సిద్ధంగా ఉంచారు. ప్రమాదాలు పెరుగుతాయని భయపడితే, జనం ఒళ్లు దగ్గర పెట్టుకుని నడపడం వల్ల కొన్నాళ్లు తగ్గాయి కూడా. రోడ్డు మార్చడానికే అంత సన్నాహం చేస్తే, ఒక మనిషి బతుకుదెరువును తేల్చే తెరకు ఎంత చేయాలి?

పరీక్షలు పెట్టే సంస్థలు మాక్ టెస్ట్ లింకు ఒకటి వెబ్‌సైట్‌లో పెట్టి చేతులు దులుపుకోకూడదు. పరీక్ష హాల్లో వచ్చే తెరనే, అదే రంగులతో, అదే బటన్లతో, తెలుగులో, నోటిఫికేషన్ ఇచ్చిన రోజు నుంచే అందుబాటులో ఉంచాలి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, జిల్లా గ్రంథాలయాల్లో కంప్యూటర్లు వేసి, రుసుం లేకుండా సాధన చేసుకోనివ్వాలి. తెర మీద గీత గీసుకునే సదుపాయం పెట్టాలి. ఇక ఇది చదువుతున్న అభ్యర్థికి ఒక మాట. మీ పరీక్ష కంప్యూటర్ మీదయితే, కనీసం ఆఖరి నెల మోడల్ టెస్టులు కాగితం మీద రాయకండి. ఫోన్‌లో కూడా వద్దు. మౌస్, పెద్ద తెర ఉన్నచోట కూర్చుని, పూర్తి టైం పెట్టుకుని రాయండి.